ఒడ్డు మీద పడవకు బేరం

నీళ్లల్లో బర్రెకు బేరమాడొద్దని పెద్దలు ఎప్పుడో చెప్పి పెట్టారు. మునిగిన బర్రెకు కాలు కుంటో, పొదుగు ఎండిందో ఎవరికి కనపడుతుంది? అందుకే పెబ్బేరు సంతలో ఎద్దును కొనేవాడు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు, సుడులు వెతుకుతాడు, పది అడుగులు నడిపిస్తాడు. ఇంత జాగ్రత్త చెప్పిన పెద్దలు ఒడ్డు మీద పడవ సంగతి మాత్రం మరిచిపోయారు. మరిచారో, ఇంత తెలివైన మనవలు పుడతారని ఊహించలేదో గానీ, ఆ లోటు పూడ్చడానికే దేవుడు నాకొక బామ్మర్దిని ఇచ్చాడు.

ఆయన ఉండేది గద్వాలలో. దూడను కొనాలన్నా నలుగురిని వెంటేసుకుని పోయే ఇంట్లో పుట్టి, పడవను మాత్రం ఫోనులో ఫొటో చూసి కొన్నాడు. సముద్రం ఒడ్డున ఎవరో జలక్రీడల వ్యాపారం మూసేసి వదిలించుకున్న సామాను అది. అయిదు మీటర్ల పొడవు. గట్టి ఫైబరు అడుగు, దాని చుట్టూ గాలి నింపే లావుపాటి గొట్టాలు, వెనక 40 హార్స్‌పవర్ ఇంజను.

"కొత్తదాంట్ల సగం ధర బావా! రిపేరు ఇంట్లనే చేసుకుంటం. జూరాల కాడ తిప్పుదం, సోమశిల కాడ తిప్పుదం. జనం ఎగబడ్తరు సూడు" అన్నాడు.

నా కోపమంతా ఆ "సగం ధర" అనే మంత్రం మీదే. లోకంలో ఏ వస్తువుకైనా సగాలు రెండే ఉంటాయి. పాత పడవకు ఎన్ని సగాలుంటాయో ఇంకా లెక్క తేలలేదు. మొదటి సగం అమ్మినవాడికి, రెండో సగం లారీవాడికి. మూడో సగం నుంచి కథ మొదలవుతుంది.

పడవ జాతకం కూడా చెప్పుకోవాలి. ఈ రకం పడవ పుట్టింది 1960లలో, వేల్స్ దేశంలో, అట్లాంటిక్ కాలేజీ అనే బడిలో. అక్కడి ప్రిన్సిపాలు డెస్మండ్ హోర్, నౌకాదళంలో రేర్ అడ్మిరల్‌గా చేసినాయన. పిల్లలతో కలిసి గాలి పడవకు మెత్తటి అడుగు తీసేసి గట్టి అడుగు అతికించాడు. మెత్తటి పక్కలు, గట్టి పొట్ట. పక్కకు వచ్చి ఆనుకున్నా మునుగుతున్నవాణ్ని గాయపరచదు. గొట్టంలో గదులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి ఒక గది చిరిగినా మిగతావి తేలుస్తాయి. ఆ పేటెంటును ఆయన బ్రిటన్‌లోని ప్రాణరక్షక పడవల సంస్థకు ఒకే ఒక్క పౌండుకు ఇచ్చేశాడు. ఆ చెక్కును కూడా బ్యాంకులో వేసుకోలేదంటారు. కనిపెట్టినవాడికి ఆ ఒక్క పౌండూ దక్కలేదు. పాతది కొన్నవాడు మాత్రం బంగారం కుదువ పెట్టాడు.

"సూసినవా, బడి పిల్లలే చేసిండ్రంట. మనం చెయ్యలేమా?" అని బామ్మర్ది ఆ కథను నా మీదికే తిప్పాడు. నిజమే, పిల్లలే చేశారు. కానీ వాళ్లకు గోడ పక్కనే సముద్రం. చేసింది నిలిచిందో లేదో సముద్రమే మార్కులు వేసేది. మావాడి పరీక్ష హాలు గద్వాల సందులో ఇంటి వాకిలి. మార్కులు వేసేది ఎదురింటి అరుగు మీద కూర్చునే రిటైరైన పెద్దమనుషులు.

మొదటి ఘట్టం బంక. ఈ గొట్టాలు ముఖ్యంగా రెండు జాతులు: పీవీసీ, హైపలాన్. హైపలాన్ తయారీని డ్యూపాంట్ కంపెనీ 2010లోనే ఆపేసింది. అయినా ఆ జాతి గుడ్డను జనం ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు, కొట్టు మూతబడ్డా బోర్డు మిగిలినట్టు. ఒకదాని బంక ఇంకోదానికి పట్టదు. పెళ్లికి గోత్రాలు వేరు కావాలి, బంకకు మాత్రం గోత్రం ఒకటే కావాలి. మావాడు గోత్రం అడగకుండానే చెప్పుల బంక పూసి సంబంధం ఖాయం చేశాడు. వారానికల్లా విడాకులైంది.

తర్వాత అసలైన బంక తెప్పించాడు. అది రెండు డబ్బాలు. రెండూ కలపాలి, పూయాలి, ఆరనివ్వాలి, మళ్లీ పూయాలి, అప్పుడు అదమాలి. దానికో ముహూర్తం కూడా ఉంది: ఎండ ఇరవై డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, గాలిలో తేమ అరవై శాతం మించరాదు. పంచాంగంలో వర్జ్యాలు, దుర్ముహూర్తాలు పోగా పెళ్లికి నాలుగు రోజులైనా మిగులుతాయి. ఈ బంకకు గద్వాలలో మిగిలేవెన్ని? మే నెలలో నలభై దాటిన ఎండకు బంక కుంచె మీదే ఆరిపోతుంది. వానాకాలం గాలి పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. చలికాలం పొద్దున మంచు. మొత్తం మీద ఏడాదిలో కొన్ని మధ్యాహ్నాలు మిగిలితే, ఆ మధ్యాహ్నాల్లోనే చుట్టాల పెళ్లిళ్లు.

ఇక్కడే నాకు నవ్వూ, కోపమూ కలిసి వచ్చాయి. ఒకటి మెత్తగా, ఇంకోటి గట్టిగా ఉండే రెంటిని కలపడం లోకంలో కష్టమైన విద్య. ఆ విద్య ఆ సందులోనే ఉంది! గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పోగుపోగునా పెనవేసి కలుపుతారు. చీర ఖరీదు ఆ కలిపే చేతిది. మావాడి ఇంటికి నాలుగిళ్ల అవతల మగ్గం గుంటలో కూర్చున్న మనిషి, అతుకు నిలవాలంటే ఎంత ఓపిక కావాలో యాభై ఏళ్లుగా చూపిస్తున్నాడు. మావాడు మాత్రం అతకడం నేర్చుకోవడానికి ఫోనులో న్యూజిలాండ్ మనిషిని చూస్తాడు.

రెండో ఘట్టం గాలి. చిల్లు ఎక్కడో తెలియాలి. సైకిలు ట్యూబైతే నీళ్ల బేసిన్‌లో ముంచి బుడగలు చూడొచ్చు. అయిదు మీటర్ల గొట్టాన్ని ముంచాలంటే చెరువు కావాలి. అందుకే సబ్బు నురగ పూసి బుడగలు వెతకాలి. ఇంట్లో బట్టల సబ్బంతా పడవకే పోయింది. "అన్నా, మా ఇంట్ల పడవ ఒక్కటే శుభ్రంగ ఉంది" అని చెల్లెమ్మ, అంటే ఆయన భార్య, నాతో మొర పెట్టుకుంది.

గాలి నింపడానికి టైర్ల పంక్చర్ షాపు పిల్లవాణ్ని పిలిచారు. వాడు కంప్రెసర్‌తో వచ్చాడు. కారు టైరుకు 30 పీఎస్ఐ పైన పడుతుంది. ఈ గొట్టానికి కావలసింది మూడు, మూడున్నర. వాడు దీని సైజు చూసి లారీ టైరు లెక్క వేసుకున్నాడు. పొద్దున చల్లటి పూట గొట్టాలు మద్దెలలా బిగిశాయి. మావాడు వేలితో కొట్టి, తాళం వేసి, ఫొటోలు పెట్టాడు. పన్నెండు గంటల ఎండకు లోపలి గాలి వ్యాకోచించింది. ఫట్‌మని మోగిన మోతకు సందంతా బయటికొచ్చింది. ఎవరూ గాయపడలేదు. గొట్టం లోపలి అడ్డగోడ ఒక్కటే చిరిగింది. బయట చిరిగితే అతుకు వేయొచ్చు. లోపల చిరిగితే ఆపరేషనే.

మూడో ఘట్టం వెనక పలక. ఇంజను వేలాడేది దాని మీదే. పైకి ఫైబరు, లోపల ప్లైవుడ్. పాత యజమాని కొట్టిన స్క్రూల బెజ్జాల్లోంచి ఏళ్ల తరబడి నీళ్లు లోపలికి పోయి ఉన్నాయి. వడ్లాయన వచ్చి, కుండ కొనేవాడు వేళ్లతో కొట్టి చూసినట్టు సుత్తి మడమతో అంచు నుంచి అంచుకు కొట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్, బొద్. బొద్‌మన్న చోట స్క్రూడ్రైవర్ ఆనించాడు. నొక్కలేదు, ఊరికే ఆనించాడు. అది పిడి దాకా దిగింది. బయటికి తీస్తే కొనకు తడిసిన రంపపు పొట్టు, పుట్టగొడుగుల వాసన. "సారూ, పలక పైపైననే ఉంది. లోపలంత ఎరువయింది" అన్నాడు. ఒక్క దెబ్బకు తెలిసే సంగతి అది. కొనేటప్పుడు ఆ దెబ్బ ఫొటో మీద కొట్టలేం కదా!

నాలుగో ఘట్టం ఇంజను. పడవ ఇంజనుకు రేడియేటర్ ఉండదు. కింది నుంచి నీళ్లు లాక్కుని చల్లబడుతుంది. లాగేది లోపలున్న చిన్న రబ్బరు చక్రం. నీళ్లు లేకుండా తిప్పితే ఆ చక్రం చూస్తుండగానే కాలిపోతుంది. అందుకే డ్రమ్ములో నీళ్లు నింపి, ఇంజను కాలు అందులో ముంచి స్టార్ట్ చేయాలి. మావాడికి ఇది తెలుసు. తెలిసీ, డ్రమ్ము నిండేదాకా ఆగలేక, "ఒక్క నిమిషం ఇని బంద్ చేస్త" అన్నాడు. విన్నాడు. బందయింది. ఆ చక్రం కర్నూల్లో లేదు, హైదరాబాద్‌లో రెండు దుకాణాలు తిరిగినా దొరకలేదు. కొరియర్‌లో రావడానికి నెల పట్టింది. అరచేతిలో ఇమిడే రబ్బరు ముక్క కోసం అయిదు మీటర్ల పడవ నెల రోజులు వాకిట్లో కూర్చుంది. దాని మీద అత్తమ్మ వడియాలు ఎండబెట్టింది. నాకు తెలిసినంతలో ఆ పడవ చేసిన మొదటి ప్రజాసేవ అదే.

ఇక బీచుపల్లికి రండి. కృష్ణ ఒడ్డున పుట్టిని బోర్లించి బాగుచేస్తుంటారు. వెదురు బద్దల గంప, దాని మీద ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, పైన తారు. చిల్లు పడితే పట్టా ముక్క వేసి కాచిన తారు పూస్తారు. ఆరాక పుట్టిని నెత్తి మీద గొడుగులా బోర్లించుకుని నీళ్ల దగ్గరికి నడుస్తారు. బంకకు ముహూర్తం అడగరు, కొరియర్ కోసం చూడరు. మావాడి పడవ ఫొటో చూపిస్తే ఒక పుట్టి మనిషి ఎంతో మర్యాదగా చూసి ఒకే ప్రశ్న వేశాడు: "మంచిగుంది సారూ. చిల్లు పడితే ఎవర్ని పిలవాలె?"

ఈ ప్రశ్నకు జవాబు లేని పడవ, పడవ కాదు. పడవ ధర రాసుండేది చీటీ మీద కాదు, దాన్ని బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడో ఆ దూరం మీద. పక్క సందులో ఉంటే పడవ. హైదరాబాద్‌లో ఉంటే సామాను. ఫోనులో ఉంటే వడియాల మంచం.

పుట్టిని పొగిడి చేతులు దులుపుకోవడం కూడా నాకిష్టం లేదు. అదొక ఫ్యాషన్. పుట్టిలో వెన్నెల విహారం గురించి రాసేవాడు సాయంత్రానికి కారెక్కి పోతాడు. గుర్రంగడ్డ వాళ్లకు నాలుగు దిక్కులా కృష్ణే. బడికైనా, ఆస్పత్రికైనా నది దాటాలి. 2007 జనవరిలో కొల్లాపూర్ వైపు మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు 1,082 కోట్ల రూపాయలతో కేంద్రం ఆమోదం ప్రకటించింది 2022 అక్టోబరులో. మధ్యలో పదిహేనేళ్లు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి మునిగినప్పుడు మంచి గాలి పడవ ఎంత విలువైనదో ఈ సీమ కళ్లారా చూసింది. నేను తిట్టేది పడవను కాదు. కొనడమే పనయిపోయిందనుకునే బుద్ధిని.

ఆ బుద్ధి మా బామ్మర్ది ఒక్కడిదే అయితే ఇంత కాలమ్ ఎందుకు? కొన్ననాడు కొబ్బరికాయ, పూలదండ, ఫొటో. బాగుచేసిననాడు ఎవరికి దండ వేశాం? అంబులెన్సయినా, బోరు మోటారయినా, బడిలో కంప్యూటరయినా మన దగ్గర జెండా ఊపేది కొత్తదానికే. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటును అక్టోబరు 22న పైకి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. వాళ్ల దగ్గరున్నవి ఇనుప తాళ్లు, లంగర్లు, నీటి వాలు తెలిసిన చేతులు. ఆ చేతుల్ని మనం తలుచుకునేది పడవ మునిగాకే.

చట్టం సంగతి కొసమెరుపు. పడవకు ఇంజను బిగించాక 2021 నాటి అంతర్గత నౌకల చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ కావాలని నేను చెప్పేదాకా మావాడికి తెలియదు. విని, చాలాసేపు పడవనే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున ఫోన్ చేశాడు.

"బావా, అమ్ముదమనుకుంటున్న. నువ్వు పేపర్లకు రాస్తవ్ గద, ప్రకటన నువ్వే రాసియ్యి. సగం ధర అని పెద్ద అక్షరాలల్ల రాయి."

ఇన్ని తిట్టి ఆ రెండు మాటలు నా చేత్తో రాయలేను. అందుకే ఇలా రాసిచ్చాను: "పడవ అమ్మబడును. ఫొటో చూసి కొనవద్దు, ఒడ్డు మీద చూసి కొనవద్దు. వచ్చి నీళ్లల్లో చూసుకుని, నచ్చితేనే బేరమాడవచ్చు."

మావాడు రెండుసార్లు చదువుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"మంచిగనే రాసినవ్ బావా. కని నీళ్లల్ల సూపియ్యాలంటే, ముందుగాల ఒక్కసారన్న నీళ్లల్ల దించాలె గద?"