సంతకం ఎవరిది, జ్ఞాపిక ఎవరికి?

ఆటలో వాడిన వస్తువు, అంటే క్రీడాకారుడు బరిలో నిజంగా చేతపట్టిన బ్యాటో, ఒంటిమీద వేసుకున్న చొక్కానో, కొట్టిన బంతో, లోకంలో చాలాచోట్ల మాగాణి పొలాన్ని మించిన ధర పలుకుతుందన్న సంగతిని కృష్ణా డెల్టా వాసులు ఇంకా పూర్తిగా గమనించినట్టు లేదు. 1986 ప్రపంచకప్పులో ఇంగ్లండుపై చేత్తో గోలు వేసిన మారడోనా ఆ రోజు తొడుక్కున్న చొక్కా 2022 మేలో జరిగిన వేలంలో 71 లక్షల పౌండ్లు తెచ్చుకోగా, అదే మ్యాచ్‌లో వాడిన బంతి ఆ ఏడాది నవంబరులో 20 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. ఆ బంతిని ముప్పై ఆరేళ్లు భద్రంగా దాచుకున్నది ఆనాటి రిఫరీయే కాబట్టి, చేతిని చూడలేకపోయిన కన్ను బంతి విలువను మాత్రం స్పష్టంగా చూడగలిగిందని ఒప్పుకోవాలి.

ఇంత సొమ్ము ఉన్నచోటికి నకిలీ రాకుండా ఉండదు. 1990ల చివర అమెరికాలో ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో దొంగ సంతకాల ముఠాలపై దర్యాప్తు చేసినప్పుడు, పేరుమోసిన ఆటగాళ్ల సంతకాలున్న బేస్‌బాల్ బంతుల నడుమ మదర్ థెరిసా సంతకంతో కూడిన బంతులు కూడా బయటపడ్డాయి. కలకత్తాలో కుష్ఠురోగులకు సేవ చేసిన ఆ తల్లి ఏ జట్టు తరఫున ఆడిందో దర్యాప్తు తేల్చలేకపోయింది. ఆ తరువాత, 2001 నుంచి, అక్కడి ప్రధాన బేస్‌బాల్ లీగు మైదానంలోనే సాక్షులను కూర్చోబెట్టి, ఆటలో వాడిన ప్రతి వస్తువుకూ సంఖ్యతో కూడిన హోలోగ్రామ్ స్టిక్కరు అంటించే పద్ధతి పెట్టింది. తెలుగువారి పరిభాషలో చెప్పాలంటే, బంతికి గెజిటెడ్ అధికారి చేత అటెస్టేషన్ చేయించడమన్న మాట.

అటువంటి వస్తువును అభిమాని ముందుకు చాచి సంతకం కోరినప్పుడు క్రీడాకారులు స్పందించే తీరును బట్టి వారిని కొన్ని తరగతులుగా విభజించవచ్చు. మొదటివారు ఉదారులు. రిటైరైన తరువాత కూడా దశాబ్దాలపాటు ఉత్తరాలకు ఓపికగా బదులిస్తూ సంతకాలు చేసిన డాన్ బ్రాడ్‌మన్ వీరికి ఆదిపురుషుడు. వీరి ఔదార్యం వల్ల అభిమాని సంతోషిస్తాడు గాని, సరుకు ఎక్కువైతే ధర తగ్గుతుంది కాబట్టి వ్యాపారి నొచ్చుకుంటాడు. రెండోవారు నిరాకరించేవారు. అమెరికన్ బాస్కెట్‌బాల్ దిగ్గజం బిల్ రస్సెల్ సంతకం చేయనని చెప్పి కరచాలనం చేసేవాడు. కరచాలనాన్ని వేలం వేసే సాంకేతికత ఇంకా రాలేదు కనుక ఈ వర్గం వ్యాపారికి ఆగర్భశత్రువు.

మూడోవారు 'ఎవరి పేరు రాయమంటారు?' అని అడిగేవారు. ఈ ప్రశ్న మర్యాదగా వినిపించినా వడపోత యంత్రంలా పనిచేస్తుంది, ఎందుకంటే 'ప్రేమతో ఫలానావారికి' అన్న రాత పడిన బ్యాటును ఆ ఫలానావారు తప్ప మరొకరు కొనరు. తన పేరు చెప్పడానికి తటపటాయించే అభిమాని సాధారణంగా అభిమాని కాడు, దుకాణదారుడు. డెల్టాలో మాత్రం ఈ పరీక్ష పారదు. ఇక్కడి అభిమాని తడుముకోకుండా తన నియోజకవర్గపు అన్న పేరు, ఆయన పార్టీ పదవితో సహా, చెప్పగలడు. నాలుగోవారు అనుమానించేవారు. తాము పారేసుకున్న గ్లవ్‌నే తమ ముందుకు చాచి సంతకం అడిగితే, కలం తీసుకునే ముందు 'ఇది మీ చేతికెలా వచ్చింది?' అని వీరు విచారణ మొదలుపెడతారు. ఆ విచారణకు జవాబిచ్చేలోపు అభిమాని గుంపులో కలిసిపోతాడు.

ఐదోవారు స్వయంగా సేకరించేవారు. గెలిచిన మ్యాచ్ చివర స్టంపు పీక్కొని పెవిలియన్ చేరడం మహేంద్రసింగ్ ధోనికి అలవాటుగా ఉండేది, కాని లోపల దీపాలు వెలిగే ఖరీదైన స్టంపులు వచ్చాక ఆ సంప్రదాయానికి నిర్వాహకుల నుంచి అడ్డు ఏర్పడింది. అదే ధోని 2023 మేలో చెన్నై చేపాక్ మైదానం చుట్టూ తిరుగుతున్నప్పుడు సునీల్ గవాస్కర్ పరుగెత్తుకుంటూ వెళ్లి, తాను తొడుక్కున్న చొక్కా గుండెమీద సంతకం పెట్టించుకున్నారు. టెస్టుల్లో మొట్టమొదటగా పదివేల పరుగులు దాటిన మనిషి కలం కోసం వెతుక్కున్న ఆ దృశ్యాన్ని బట్టి, ఆటను బాగా తెలిసినవాడికే సంతకం కావాలన్న కోరిక గాఢంగా కలుగుతుందన్న సిద్ధాంతం ప్రతిపాదించవచ్చు.

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం కంటే తగిన స్థలం లేదు, ఎందుకంటే ఆంధ్రదేశంలో పతకంతో తిరిగివచ్చిన క్రీడాకారులు అభిమానులకు మొదట చిక్కేది తరచుగా ఈ విమానాశ్రయం గుమ్మంలోనే. రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన పి.వి. సింధు 2016 ఆగస్టు 23న, అంటే పన్నెండు రోజుల కృష్ణా పుష్కరాలు ముగిసే రోజునే, కోచ్ గోపీచంద్‌తో కలిసి ఇక్కడికి వచ్చినప్పుడు జనం పోటెత్తారు, విజయవాడ వరకు ఊరేగింపు సాగింది, ఇందిరాగాంధీ మైదానంలో సన్మానసభ జరిగింది, నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు స్వయంగా రాకెట్టు పట్టి సింధుతో షటిల్ ఆడారు, రాష్ట్రం తరఫున 3 కోట్ల రూపాయలు, అమరావతిలో వెయ్యి గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించారు. అటువంటి ఊరేగింపుల్లో పూలు, శాలువాలు, ఫ్లెక్సీలు, డప్పులు, బాణసంచా అన్నీ ఉంటాయి. ఆటలో నిజంగా వాడినది మాత్రం వాహనం మీద నిలబడి చేయి ఊపుతున్న క్రీడాకారిణి ఒక్కతే.

ఈ ప్రాంతపు సన్మాన శాస్త్రంలోని మౌలిక సూత్రం ఇక్కడే బయటపడుతుంది. ఇతర దేశాల్లో క్రీడాకారుడు తాను వాడిన వస్తువుపై తన పేరు రాసి అభిమానికి ఇస్తే, ఇక్కడ అభిమాని ఏ ఆటలోనూ వాడని వస్తువుపై తన పేరు రాయించి క్రీడాకారుడికి ఇస్తాడు. ఆ వస్తువును మెమెంటో అంటారు. బంగారు పూత పూసిన ఈ జ్ఞాపికపై దాత పేరు, సంఘం పేరు, ముఖ్య అతిథి పేరు, తేదీ స్పష్టంగా చెక్కి ఉంటాయి, స్థలం మిగిలితే గ్రహీత పేరు కూడా ఉంటుంది. శాలువా కప్పినవారు ఫొటో పడేదాకా దాని అంచు వదలరు, చెక్కు పెద్ద అట్టముక్కగా మారి వేదికపైకి వస్తే దానిమీద సంతకం ఇచ్చేవారిదే అయి ఉంటుంది. మొత్తం మీద కృష్ణాతీరంలో ఆటోగ్రాఫ్ ఎదురు ప్రవహిస్తుంది. అభిమానులు సంతకాలు చేస్తారు, క్రీడాకారులు వాటిని అరల్లో సర్దుకుంటారు.

డెల్టాకు ఈ విషయంలో పూర్వచరిత్ర కూడా ఉంది. మచిలీపట్నం మూలాలున్న కుటుంబంలో పుట్టి భారత టెస్టు జట్టుకు తొలి కెప్టెన్ అయిన సి.కె. నాయుడు, 1926లో బొంబాయిలో ఎంసీసీ జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసినప్పుడు, ఆ పర్యాటక జట్టు ఆయనకు వెండి బ్యాటు బహూకరించింది. సిక్సర్లు కొట్టిన కొయ్య బ్యాటు ఏమైందని అడిగేవారు లేరు, ఎవరూ ఆడని వెండి బ్యాటు మాత్రం చరిత్రకెక్కింది. మెమెంటోకు ఇంతకంటే గౌరవనీయమైన మూలపురుషుడు దొరకడు.

విచిత్రమేమిటంటే, విజయవాడకు ప్రపంచంలో పేరు తెచ్చిన రెండు ఆటల్లో, వాడిన వస్తువుపై ఆటగాడి పేరు ఉండాలని నియమమే ఉంది. మొదటిది చదరంగం. నిదానంగా సాగే క్లాసికల్ ఆటలో ప్రతి ఎత్తునూ ఆటగాళ్లు ఒక కాగితంపై రాసుకుంటారు. స్కోరుషీట్ అనే ఆ కాగితాలపై ఆట ముగిశాక ఇద్దరూ సంతకాలు చేయాలని, అవి నిర్వాహకుల ఆస్తి అని ఫిడే నియమావళి చెబుతోంది. 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచి, 2025లో బతూమిలో మహిళల ప్రపంచకప్పు ఫైనల్ ఆడిన కోనేరు హంపి, ఆ లెక్కన, ఎవరూ అడగకుండానే జీవితమంతా ఆటోగ్రాఫులు ఇస్తూ వచ్చినట్టే. రెండోది విలువిద్య. బాణపు కాడపై విలుకాడి పేరో పొడి అక్షరాలో ఉండాలని ప్రపంచ విలువిద్య సమాఖ్య నిబంధన. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన జ్యోతి సురేఖ వాడే బాణాలు ఈ కారణంగా ముందే పేరుతో తయారై ఉంటాయి. అయినా గన్నవరంలో బాణం అడిగే అభిమాని కనిపించడు. అడిగి సంపాదించినా, దానితో విమానం ఎక్కబోయే అభిమానికి భద్రతా తనిఖీ దగ్గర జరిగే మర్యాదను ఊహించుకోవచ్చు.

బ్యాడ్మింటన్‌లో చిక్కు వేరు. షటిల్ బరువు అయిదున్నర గ్రాములకు మించదు, దానికి పదహారు ఈకలు ఉంటాయి, సంతకానికి అనువైన కార్కు అడుగు వ్యాసం 28 మిల్లీమీటర్లు దాటదు. పూసర్ల వెంకట సింధు అన్న పూర్తి పేరు అందులో పట్టించాలంటే బియ్యపు గింజపై శ్లోకాలు చెక్కే శిల్పిని పిలవాలి. పైగా గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ కెక్కిన అమలాపురం యువకుడు సాత్విక్ సాయిరాజ్ వంటివారి దెబ్బ తిన్న షటిల్‌లో సంతకానికి ఏమి మిగులుతుందో చెప్పనక్కరలేదు. ఈకలు అసలైన బాతువో కావో తేల్చడానికి మాత్రం గన్నవరంలోనే పశువైద్య కళాశాల ఉంది కనుక, ఇక్కడ ధ్రువీకరణ కేంద్రం పెట్టదలచుకున్నవారికి నిపుణుల కొరత ఉండదు.

ధ్రువీకరణ మాట వచ్చింది కాబట్టి, సంతకం సమస్యను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిష్కరించిన పద్ధతిని ప్రత్యేకంగా కొనియాడాలి. 2017 మేలో శాసనసభ నియామకాల చట్టాన్ని సవరించి సింధును నేరుగా డిప్యూటీ కలెక్టరుగా నియమించడానికి దారి చేసింది, ఆమె అదే సంవత్సరం ఆగస్టులో బాధ్యతలు స్వీకరించారు. గెజిటెడ్ అధికారి అంటే ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి నకలును అసలుకు సమానం చేయగలవారని ఈ దేశపు నమ్మకం. ఒలింపిక్ పతకంతో వచ్చినప్పుడు రాకెట్టుపై అడగాలని తోచని సంతకాన్ని జనం ఇకపై దరఖాస్తుపై అడగవచ్చు. ప్రపంచంలో మరే దేశమూ తన క్రీడాకారిణి ఆటోగ్రాఫ్‌కు ఇంతటి చట్టబద్ధమైన విలువ కల్పించినట్టు లేదు. అమెరికావారి హోలోగ్రామ్ దీని ముందు ఉత్త స్టిక్కరు.

రాకెట్టును అడిగి తీసుకున్న అభిమాని ఎవరూ లేరనడం కూడా అన్యాయం. టోక్యో ఒలింపిక్స్‌లో ఆడిన క్రీడాకారులు ప్రధానమంత్రికి కానుకగా ఇచ్చిన పరికరాలను 2021 సెప్టెంబరులో కేంద్రం ఈ-వేలం వేసినప్పుడు, నీరజ్ చోప్రా బల్లెం కోటిన్నరకు, భవానీ దేవి కత్తి కోటీ పాతిక లక్షలకు వెళ్లాయి. సింధు రాకెట్టుకు 80 లక్షల ప్రారంభ ధర పెట్టారు. వచ్చిన సొమ్ము గంగానది శుద్ధికి కేటాయించారు. తెలుగు రాకెట్టుతో గంగ శుభ్రపడడం జాతీయ సమైక్యతకు మంచిదే గాని, గన్నవరం ప్రాంతవాసులు తమ బుడమేరు వాగు వంతు రావడానికి ఇంకెన్ని ఒలింపిక్స్ పడతాయో లెక్క వేసుకోవాలి.

ఇంతకీ ఆటలో వాడిన వస్తువును కోరడానికి ఒక కనీస అర్హత ఉంది: ఆ ఆట చూసి ఉండటం. ఏ గేములో ఏ పాయింటు దగ్గర మ్యాచ్ మలుపు తిరిగిందో తెలిసినవాడికే ఆ పాయింటు ఆడిన రాకెట్టు కావాలనిపిస్తుంది. పతకం వచ్చిందని మర్నాడు పత్రికలో చదివినవాడికి ముఖం చాలు, ముఖానికి సెల్ఫీ చాలు. 2016లో విమానాశ్రయం దగ్గర ఊరేగింపు జరిగిన మూడు నెలలకే, నవంబరులో, విజయవాడ శివారు మూలపాడులో భారత మహిళల క్రికెట్ జట్టు వెస్టిండీస్‌తో వన్డేలు, టీ20లు ఆడింది. ఆ మ్యాచ్‌ల బంతి ఒకటి సంపాదించి సంతకం పెట్టించుకున్నవారు డెల్టాలో ఎవరైనా ఉంటే, వారి ఇంట్లో ఉన్నది నిజమైన ఆస్తి. అటువంటివారు ఎదురుపడి వాడిన బంతిని ముందుకు చాచినప్పుడు క్రీడాకారిణి ముఖంలో కలిగే ఆశ్చర్యాన్ని పైన చెప్పిన ఐదు తరగతుల్లో దేనిలోనూ చేర్చలేము, ఎందుకంటే ఆ సంతకం అడిగినవారు ఆమెను చూడటానికి కాక ఆమె ఆటను చూడటానికి వచ్చారని ఆమెకు అప్పుడే తెలుస్తుంది.

అటువంటి అభిమానులు తగినంతమంది తయారయ్యేవరకు పాత పద్ధతినే కొనసాగించడంలో ఒక సౌకర్యం ఉంది. శాలువాకు నకిలీల బెడద లేదు, హోలోగ్రామ్ అక్కరలేదు, ఎఫ్‌బీఐ దర్యాప్తు అవసరపడదు. దానిని ఏ ఆటలోనూ ఎవరూ వాడలేదన్న విషయానికి సభలో ఉన్నవారందరూ సాక్షులే.