రాని రాజుగారి స్పెషలు

ఇలాంటాయన మీ ఊళ్లోనూ ఒకడుంటాడు. కాకపోతే మీ ఊరాయన ఏ రాగి శాసనాల వెనకో, పాతకోట గోడల వెనకో పడుంటాడు. మా పెద్దమావయ్య మాత్రం రాజుల రైళ్ల వెనక పడ్డాడు. రాజమండ్రి స్టేషన్లో ఏ చక్రవర్తి ఏ తారీఖున దిగాడు, ఎలాంటి సెలూన్లోంచి దిగాడు, ఎవరిచేత దండ వేయించుకున్నాడు అన్నది ఆయన పరిశోధన. ఇందులో చిక్కల్లా ఒక్కటే. దిగినవాడు లేడు.

లేడనడానికి కావలసిన ఆధారాలన్నీ కూడా ఆయనే పోగేశాడు. 1875లో వేల్సు యువరాజు ఎడ్వర్డు మన దేశానికొచ్చి, మద్రాసు నుంచి కలకత్తా వెళ్లాడు. ఓడలో. అప్పటికి మనవైపు రైలే లేదు గనక ఆయన్ని మావయ్య క్షమించేశాడు. 1906లో ఆయన కొడుకు జార్జి కలకత్తాలో ఉన్నాడు, మద్రాసు వెళ్లాలి. గోదావరి మీద వంతెన పడి అప్పటికే ఐదేళ్లు దాటింది. బుద్ధున్నవాడైతే ఎంచక్కా మెయిలెక్కి రావాలా? ఓడెక్కి రంగూను పోయి, అక్కణ్ణుంచి మళ్లీ సముద్రమ్మీదే మద్రాసు చేరాడు. 1911లో చక్రవర్తి హోదాలో ఢిల్లీ దర్బారుకొచ్చినప్పుడన్నా ఇటు చూస్తాడనుకుంటే, కలకత్తా నుంచి నాగపూరు మీదుగా బొంబాయి చెక్కేశాడు. 1921లో ఆయన కొడుకొచ్చాడు. మళ్లీ కలకత్తా, మళ్లీ రంగూను, మళ్లీ ఓడ, మళ్లీ మద్రాసు.

"తాతా, తండ్రీ, మనవడూ ముగ్గురూ మన గోదారిని తప్పించుకు తిరిగారబ్బాయ్" అంటాడు మావయ్య, అప్పు ఎగ్గొట్టి ఊరొదిలిపోయినవాళ్ల గురించి చెప్పినట్టు.

ఇంకొకరైతే అక్కడితో కట్ట ముడేసి అటకెక్కించేవారు. ఇరిగేషన్ ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషికి ఫైలు మూయడం చేతకాదు. 1875 ఓడ అంతర్వేది ముందునుంచి వెళ్లక తప్పదు గనక, ఒడ్డునున్న పల్లెకారులెవరైనా చూసి ఉంటారని ఇంకో ఫైలు తెరిచాడు. ఎలిజబెత్ రాణి మీద ఆయనకి విడిగా కోపముంది. "1983లో హైదరాబాదు దాకా వచ్చింది మహాతల్లి. గోదావరి ఎక్స్‌ప్రెస్ అప్పటికి తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. సాయంత్రం ఎక్కితే అర్ధరాత్రి దాటాక ఇక్కడ దిగును. ఎవరూ చెప్పలేదు కాబోలు."

"పిఠాపురం మహారాజావారు లైను పక్కనే ఉండేవారుగా, ఆయన రైలెక్కలేదా మావయ్యా?" అని ఒకసారి అడిగాను.

"ఆయన మనవాడేరా. లెక్కలోకి రాడు."

"గాంధీగారు 1921లోనూ, 1929లోనూ వచ్చారు కదా?"

"ఆయన మూడో తరగతి మనిషి. సెలూనుండాలి. ముందు పైలట్ ఇంజను నడవాలి. లైను పొడుగునా కాపలా ఉండాలి. అదీ స్పెషలంటే."

స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయినా, ఖద్దరు తప్ప కట్టని మావయ్యకి తెల్లరాజు రాలేదన్న బెంగేమిటో నాకు బోధపడదు.

ఆయన పరిశోధన చేసే తీరు దగ్గర్నుంచి చూడవలసిందే. గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికల బైండు తెరుస్తాడు. కాగితం అప్పడంలా విరిగి చొక్కా మీద రాలుతుంది. ఆ ముక్కలన్నీ చిటికెన వేలితో తీసి కవర్లో వేసి, పైన తారీఖు రాసి, బైండులోనే పెట్టేస్తాడు. భూతద్దం పట్టుకుని వరసగా చదువుతాడు గానీ, రాజుగారి వార్తల కన్నా ముందు ధాన్యం ధరలు చదువుతాడు. ఇంటికొచ్చాక మా అందరికీ వినిపించేవి కూడా ఆ ధరలే.

ముసలివాళ్లెక్కడ కనిపించినా నోటుపుస్తకం తీస్తాడు. కొవ్వూరులో ఒక పెద్దావిడ, "ఎందుకు చూళ్లేదు బాబూ, రాజుగారొచ్చారు. పచ్చగా మెరిసిపోతున్నారు. జనమే జనం" అంది. మావయ్య చేతులు వణికాయి. "ఏ బండి మీదొచ్చారమ్మా?" అన్నాడు. "వేను మీద బాబూ. ఖాకీ బట్టలేసుకుని పైన నించున్నారు." చైతన్యరథం మీద రామారావుగారు! మావయ్య నోటుపుస్తకంలో 'సాక్షి నమ్మదగినదే, రాజు వేరు' అని రాసుకున్నాడు.

ఆయనతో రైలెక్కడం ఇంకో శిక్ష. పెట్టెలు మా నెత్తిన పెట్టి తలుపు దగ్గర నించుంటాడు. అందరూ గోదారమ్మకి దణ్ణం పెట్టి చిల్లర విసురుతుంటే, ఈయన వేలు చాపి పాత వంతెన స్తంభాలు లెక్కపెడతాడు. అదే హేవలాక్ వంతెన. 1897 నవంబరులో మొదలెట్టి 1900 ఆగస్టుకల్లా రైలు నడిపించేశారు. కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టిన వాల్టన్ దొరే ఇక్కడా కట్టించాడు. మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. 150 అడుగుల గడ్డర్లు 56. 1997లో దానికి విశ్రాంతినిచ్చారు. ఇదంతా నాకెలా తెలుసంటారా? ఇరవై తర్వాత ఎవరో ఒకరు పూతరేకు చేతిలో పెడతారు, లెక్క తప్పుతుంది, అప్పుడు మిగతా వంతెనంతా నోటితో అప్పజెబుతాడు.

ఈమధ్య మావయ్యకి కాస్త ఊరట దొరికింది. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన ప్రారంభించడానికి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ వచ్చారు. రాష్ట్రపతంటే రాజుకింద లెక్కే. కానీ ఆ వంతెనకి కింద రైలు, పైన రోడ్డు. ఆయన పైనుంచి వెళ్లారా, కిందనుంచి వెళ్లారా? మావయ్యకి వేసవంతా దాంతోనే సరిపోయింది.

ఈ జబ్బు అంటుకునే రకం. మొన్న ఒక పెళ్లి పందిట్లో ఎవరో "తొంభై ఏడులో కట్టిన పాత వంతెన" అంటుంటే, పప్పులో నెయ్యి వడ్డించించుకోవడం మానేసి "అది మొదలెట్టిన ఏడండీ, బండి నడిచింది 1900లో" అన్నాను. పక్క విస్తరాయన జరిగి కూచున్నాడు.

మా చెల్లెలి నిశ్చయ తాంబూలాలనాడు అసలు విషయం బయటపడింది. పెళ్లికొడుకు తాతగారు రైల్వేలో చేసినాయన. మాటల్లో మాటగా, "మా నాన్నగారు చెప్పేవారండీ, ఒక వైస్రాయి స్పెషలు రాత్రిపూట రాజమండ్రిలో ఆగిందిట" అన్నారు. ఇన్నాళ్ల తపస్సు ఫలించిందని మేమంతా మావయ్య వైపు చూశాం. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏ సంవత్సరమండీ? కాగితమేదైనా ఉందాండీ? వైస్రాయి వేరండీ, చక్రవర్తి వేరండీ. అయినా ఇంజను నీళ్లకాగితే రాజు దిగినట్టాండీ?" అని పెద్దాయన్ని కోర్టులో ముద్దాయిని చేసి వదిలిపెట్టాడు. సంబంధం తప్పిపోతుందేమోనని మా అమ్మ పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది. ఆధారం లేదని తేలాక గానీ ఆయన కాఫీ ముట్టలేదు.

"వెతికినాయన దొరికితే వద్దంటాడేంటత్తయ్యా?" అన్నాను.

అత్తయ్య తమలపాకులు సర్దుతూ అంది: "ఆ రాజుగారు దిగిపోతే, రేపణ్ణుంచి కూరలు తేవడానికి ఖాళీ లేదనడం కుదరదు కదరా మీ మావయ్యకి!"