కాలేజీ ఫుట్‌బాలు వీరుని నిమిత్తము కలహించు విధానము

అమెరికాదేశమున ఆగస్టు మాసాంతము మొదలుకొని డిసెంబరు వఱకు వచ్చు శనివారములు రెండే తెగలు: మన విశ్వవిద్యాలయపు జట్టు గెలిచిన శనివారము, ఇరువది యేండ్ల పిల్లవాడొకడు దానిని ఓడించిన శనివారము. మొదటి తెగకు చెందిన రాత్రులందు అందఱును సుఖముగా నిద్రింతురు. రెండవ తెగకు చెందిన రాత్రులందు ఎవ్వరును నిద్రింపరు. ఆ పిల్లవాని దోషములను ఎన్నువారు కొందఱును, ఎన్నువారి దోషములను ఎన్నువారు కొందఱునై, తెల్లవాఱువఱకు ఫోనులు వేడెక్కునట్లు వాదించుకొనుచుందురు. డాలస్ పరిసరములందు చిరకాలముగా కాపురముండి, ఇట్టి రాత్రులను ఇరుపక్షములందును గడపినవాడనగుటచే, ఈ విద్యలో క్రొత్తగా ప్రవేశించు మనవారి సౌకర్యార్థము కొన్ని సూత్రములను ఇచ్చట క్రోడీకరించుచున్నాను.

శాస్త్రమన్న పిదప అనుబంధచతుష్టయము చెప్పక తప్పదు గదా. విషయము: ఫుట్‌బాలు అని పిలువబడుచున్నను కాలితో కంటె చేతితోడనే ఎక్కువగా నడచు అమెరికా ఆట, అందును విశ్వవిద్యాలయముల జట్లు ఆడునది; అందును పక్షమునకు పదునొకండుగురు చొప్పున మైదానమున నిలిచినను తప్పంతయు ఎవని నెత్తిమీదికి వచ్చునో ఆ క్వార్టర్‌బ్యాక్ అను ఒక్కడు. అధికారి: కన్నులును బొటనవ్రేలును గలవాడెవడైనను. సంబంధము: ఇది కొంత సూక్ష్మము. ఎం.ఎస్. చదివిన రెండేండ్లలో అసైన్‌మెంట్లతోడను, నలుగురు రూమ్మేట్ల వంటవంతులతోడను సతమతమై, టిక్కెట్టు వెల విని నివ్వెఱపోయి, ఒక్క ఆటకైనను పోనివాడు, గ్రీన్‌కార్డు చేతికి వచ్చి ఇల్లు కొన్న పిమ్మట ఆ జట్టు రంగు చొక్కా తొడిగి, నాలుగు తరములుగా తన వంశము ఆ మైదానపు పచ్చికమీదనే పెరిగినట్లు మాటలాడుటకు పేరు సంబంధము. మనవారు వేలకొలదిగా చదివిన ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయము 1985వ సంవత్సరముతోడనే తన ఫుట్‌బాలు జట్టును ఎత్తివేసినది. అయినను అచ్చటి పట్టభద్రులు ధైర్యము కోల్పోక, ఆస్టిన్ నగరమందలి టెక్సస్ విశ్వవిద్యాలయపు జట్టును దత్తు తీసికొని, ఔరసులకంటె గట్టిగా అఱచుచున్నారు. ఇక ప్రయోజనము: లేదు. గీతాకారుడు చెప్పిన నిష్కామకర్మకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు కనబడలేదు.

ఆటగానిని నిందింపబూనినపుడు, "ఆ కుఱ్ఱవాని మీద నాకేమియు లేదండీ, మంచి పిల్లవాడే, కాని" అని ఆరంభింపవలయును. కోర్టులో సాక్షి చేయు ప్రమాణము వంటిది ఈ వాక్యము. ఇది యైన పిదప ఏమి చెప్పినను చెల్లును. దీనికి ఎదుటివాడు ఈయవలసిన ప్రత్యుత్తరము, "నీవెన్నడైన బంతి పట్టితివా?" అనునది. ఈ ప్రశ్నను పొగడినవానిని ఎవరును అడుగరు. పొగడుటకు అనుభవ మక్కఱలేదు కాబోలు.

తీర్పు చెప్పుటలో కాలహరణము కూడదు. 2025వ సంవత్సరమున అసోసియేటెడ్ ప్రెస్ వారి ఋత్వారంభపు పట్టికలో టెక్సస్ జట్టు తన చరిత్రలో తొలిసారిగా ప్రథమస్థానమున నిలిచినది. దాని క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్, తాతయు ఇద్దఱు పినతండ్రులును అదే స్థానమున ఆడి ఖ్యాతి గడించిన యింటి పిల్లవాడు. అంతకుముందటి యేట తాను మొదటినుండి మైదానమున దిగిన ఆటలు రెండే యైనను, ఏటేట ఉత్తమ కళాశాల ఆటగానికిచ్చు హైస్‌మన్ ట్రోఫీ వానిదేయని పందెములు కాయువారు ముందుగానే నిశ్చయించిరి. ఆగస్టు 30వ తేదీన కొలంబస్ నగరమున ఒహాయో స్టేట్ చేతిలో టెక్సస్ 14–7 తేడాతో ఓడినది. ఆ పిల్లవాడు విసరిన ముప్పది బంతులలో పదునేడు మాత్రమే తనవారి చేతులను చేరినవి. ఆదివారము కాఫీ చల్లాఱకమునుపే వానికి వంశనామము తప్ప వేఱొక యర్హత లేదని తేలిపోయినది. సెప్టెంబరులో సొంత మైదానమున సొంత జనమే ఈసడింపు కేకలు వేసినది. నవంబరు 28న, అంతవఱకు ఓటమి యెఱుగక ఆస్టిన్‌కు వచ్చిన టెక్సస్ ఎ అండ్ ఎం జట్టు 27–17 తేడాతో ఓడి మరలిపోయినది. ఆ రాత్రి నేను గమనించిన విశేషము, ఆగస్టులో ఆకాశమున కెత్తినవాడును, సెప్టెంబరులో పాతాళమునకు త్రొక్కినవాడును ఏకకంఠముగా "నేను మొదటినుండియు చెప్పుచునే యున్నాను" అనుట. ఇరువురును అబద్ధమాడలేదు. మూడు మాసములలో అందఱును అన్నియు చెప్పియుండిరి.

అంకెలను వెదకుటకు ముందే అభిప్రాయమును స్థిరపఱచుకొనుడు. వరుస తప్పినచో శ్రమయంతయు వ్యర్థము.

ఎదుటివాడు రెండేండ్ల క్రిందట అన్న మాట స్క్రీన్‌షాట్ దాచుకొనుడు. పెండ్లిరోజు మఱచినను మఱవవచ్చును, ఇది మఱవరాదు.

శిక్షకుని నిందింపవలసి వచ్చినచో ఆయన జీతమును ప్రస్తావింపుడు. ఆటగానిని రక్షింపవలసి వచ్చినచో వాని తల్లిని ప్రస్తావింపుడు.

ఈ కడపటి సూత్రమునకు మూలపురుషుడొకడు కలడు. ఆయనను గూర్చి సావకాశముగా చెప్పవలయును. ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయమున 2007వ సంవత్సరమున బాబీ రీడ్ అను క్వార్టర్‌బ్యాక్ ఉండెను. శిక్షకుడు మైక్ గండీ వానిని తప్పించి ఆ స్థానమున మఱియొకనిని నిలిపెను. అప్పుడు ఆ రాష్ట్రపు ప్రధానపత్రికయగు 'ది ఓక్లహోమన్'లో జెనీ కార్ల్‌సన్ అను క్రీడావిలేఖరి, రీడ్ మనోధైర్యము చాలనివాడను తాత్పర్యముతో ఒక వ్యాసము వ్రాసి, అందు నిదర్శనముగా ఆట ముగిసిన పిదప ఆ యువకునికి తల్లి కోడిమాంసము తినిపించుచుండగా తాను చూచిన దృశ్యమును వర్ణించినది. ఇచ్చట మన పాఠకులు ఒక క్షణము ఆగవలయును. ఇరువది దాటిన కొడుకునకు తల్లి తన చేతితో ముద్ద పెట్టుట తెలుగుగడపలో వార్త కానేకాదు. పెట్టకపోయిన ఏదో కలహము జరిగినదని ఇరుగుపొరుగు అనుకొందురు. మా యింటివంటి యిండ్లను ఆ విలేఖరి ఒక ఆదివారము చూచియుండినచో ఈ దేశమున మనవాడెవ్వడును ఏ జట్టునందును బంతి ముట్టుటకు పనికిరాడని తీర్మానించియుండెడిది.

వ్యాసము వెలువడిన దినముననే, అనగా సెప్టెంబరు 22న, స్టిల్‌వాటర్‌లో ఓక్లహోమా స్టేట్ జట్టు టెక్సస్ టెక్‌ను 49–45 తేడాతో గెలిచినది. గెలిచిన శిక్షకుడు పత్రికలవారి యెదుటికి వచ్చి, గెలుపును గూర్చి మాటలాడుటకు మాఱుగా, ఆ వ్యాసమును చేతబట్టుకొని గర్జింపసాగెను. అందు ముక్కాలు భాగము కల్పనయనెను. తిట్టదలచిన తనను తిట్టుడనెను. తాను పురుషుడననియు, నలువది యేండ్లవాడననియు ప్రకటించెను. ఆయనకు నిజముగనే ఆ నెలకు ముందటి నెలలో నలువది నిండినవి. విలేఖరి తన వ్రాత నిజమేయని నిలిచినది. పిల్లల పక్షమున ఒక పెద్దవాడు పలికెనని జనులు జేకొట్టిరి. నేనును కొట్టితిని. అంత బిగ్గఱగా పరులకొఱకు కోపగించువాడు సద్గుణవంతుడు కాక మఱేమగునని నా యభిప్రాయము.

తరువాతి కథ చిన్నది. వ్యాసమును ఆ ఒక్క రాష్ట్రపు పాఠకులు చదివి మఱుసటివారమున మఱచియుందురు. గర్జనను ఖండాంతరములవారును చూచిరి, ఇప్పటికిని చూచుచున్నారు, చొక్కాలమీద ముద్రించుకొనిరి, హాస్యప్రకటనలలో అనుకరించిరి. తల్లిచేతి ముద్ద తిన్న పిల్లవాడను కీర్తి రీడ్‌కు శాశ్వతముగా అంటుకొన్నది. అతడు ఆ విశ్వవిద్యాలయమును విడిచి టెక్సస్ సదరన్‌కు పోయెను. శిక్షకుని యా ప్రసంగము తనకు మేలు చేయలేదు సరికదా తీరని కీడు చేసినదని తరువాత చెప్పుకొనెను. 2025 సెప్టెంబరులో విశ్వవిద్యాలయమువారు గండీని ఉద్యోగమునుండి తొలగించిన నాడును లోకము జ్ఞప్తికి తెచ్చుకొన్నది ఆ నలువది యేండ్ల మాటనే. ఆయన వయస్సు ఎంతయో నాకు తెలిసిన యెల్లరకును తెలియును. ఎవని నిమిత్తము ఆ వయస్సు చెప్పెనో, వాని పేరు చెప్పుమన్న తడుముకొననివారిని నేను అరుదుగా చూచితిని.

కావున శిష్యుడా, రక్షింపదలచినచో బిగ్గఱగా రక్షింపుము. రక్షింపబడినవాడు ఏమయ్యెనని వెనుదిరిగి చూడకుము; చూచినచో నిద్రపట్టదు. రెండు గంటల రాత్రివేళ ఎవ్వనినో గుర్తెఱుగని వానిని "ఆ పిల్లవానికి హృదయములేదా, వానికి తలిదండ్రులు లేరా?" అని నిలదీయుచున్న మనకు, అదే వయస్సు గల మన కొడుకు ప్రక్కగదిలో ఇంకను దీపమార్పక ఏల మేలుకొనియున్నాడని అడుగ తోచదు. అడిగినను వాడు "ఏమీ లేదు నాన్నా" అనును. అచ్చట ప్రతివాదము దొరకదు గనుక మన మచ్చట ఎక్కువసేపు నిలువము.

చొక్కా విషయము. రాబర్ట్ చాల్డీనీ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కూడి 1976లో ప్రకటించిన పరిశోధనమున, ఫుట్‌బాలు జట్టు గెలిచిన తరువాతి సోమవారమున విద్యార్థులు తమ విశ్వవిద్యాలయపు పేరుగల దుస్తులను ఎక్కువగా ధరింతురనియు, గెలుపును "మేము" అనియు ఓటమిని "వారు" అనియు చెప్పుకొందురనియు నిరూపించెను. ఆ పండితునికి ఇంత శ్రమ యేల? మా యపార్టుమెంటు లాండ్రీగదిలో కూర్చుండినచో సరిపోయెడిది.

ఇప్పుడు ధనశాస్త్రము. 2021 జూలై 1వ తేదీవఱకు కళాశాల ఆటగాడు తన పేరును గాని రూపమును గాని అమ్ముకొనరాదు. నూఱువేలమంది కూర్చుండు స్టేడియములను నింపినను వానికి దక్కినవి ప్రధానముగా చదువును, భోజనమును, బసయునే. ఆనాడు నియమము సడలినది. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన పరిష్కారముచే, విశ్వవిద్యాలయములే ఒక్కొక్కటి తమ క్రీడాకారులకు తొలియేట సుమారు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్లవఱకు పంచిపెట్టవచ్చునని తేలినది. దీనిచే మనకు కలిగిన మహోపకారమేమనగా, వాదమునకు కావలసిన వయస్సు సిద్ధముగా లభించుట. రక్షకుడు "పసివాడండీ" అనవలయును; నిందకుడు "లక్షలు పుచ్చుకొను ఉద్యోగి" అనవలయును. వచ్చువారము జట్లు తాఱుమాఱైనచో ఇరువురును మాటలు మార్చుకొనవచ్చును. డబ్బు తీసికొనుచున్నాడు గనుక పడవలసినదే యను వాదము నాకును మొదట న్యాయముగనే తోచినది. అయితే పైసయైనను తీసికొనని దినములలో మనము వానిని ఏమైన మన్నించితిమా?

2013 నవంబరు 30న ఆబర్న్‌తో జరిగిన ఆటలో అలబామా పిల్లవాడు కేడ్ ఫాస్టర్ బంతిని గోలుస్తంభముల నడుమకు తన్ను ఫీల్డ్‌గోల్ యత్నములు మూడింట విఫలుడయ్యెను. కడపటి క్షణమున మఱియొకడు తన్నిన బంతి గమ్యమునకు చాలక పడగా, ఆబర్న్ వాడు దానిని పట్టుకొని మైదానమంతయు ఈ కొసనుండి ఆ కొసకు పరుగెత్తి 34–28తో ఆటను ముగించెను. తన్నిన వాడెవడైనను, చంపుదుమను బెదరింపులు మాత్రము ఫాస్టర్‌కు వచ్చినవి. అతనికి జీతము లేదు. అతని చొక్కామీది సంఖ్య 43. అమెరికాకు నలువదిమూడవ అధ్యక్షుడై యుండిన జార్జి డబ్ల్యు. బుష్ ఆ సంఖ్యను ఉదహరించుచు, జీవితమున ఎదురుదెబ్బలు తప్పవనియు, అది తనకును తెలియుననియు స్వహస్తముతో చిన్న ఉత్తరము వ్రాసి పంపెను. ఆ పెద్దమనిషి పరిపాలనము నాకు నచ్చినది కాదు, ఉత్తరము నచ్చినది. ఈ విద్యలో ఆయన కేమాత్రమును ప్రవేశము లేదని దానివలన స్పష్టమగుచున్నది: ఆటగానిని ఓదార్పదలచి, ఆయన తిన్నగా ఆటగానికే వ్రాసెను!

వాదమును మాటలతోడనే ముగింపుడు. హార్వే అప్‌డైక్ అను అలబామా అభిమాని ఆబర్న్ చేతిలో 2010నాటి ఓటమిని దిగమింగలేక, ఆబర్న్ పట్టణమున విజయోత్సవములు జరుపు కూడలిలోని వృద్ధ సిందూరవృక్షములకు విషము పోసి, ఆ ఘనకార్యమును రేడియో కార్యక్రమమునకు ఫోనుచేసి తానే చాటుకొని, కారాగృహమునకు పోయెను. చెట్లు బ్రదుకలేదు. ఆయన చేసిన తప్పు, పరిమితిని ఎఱుగకపోవుట. పరిమితి ఎచ్చటనున్నదో మాలో ఎవరికిని తెలియకపోయినను, చెట్లకు ఈవలనే ఉన్నదని అందఱును అంగీకరించితిమి.

కడపటిదియు కఠినతమమైనదియు నగు సూత్రము. 2018 అక్టోబరునుండి 'ట్రాన్స్‌ఫర్ పోర్టల్' అను వ్యవస్థ కలదు. అందు పేరు వ్రాయించుకొన్న ఆటగాడు తన జట్టును విడిచి మఱియొక జట్టులో చేఱవచ్చును. మీరు రెండేండ్లు నిద్రాహారములు మాని రక్షించిన క్వార్టర్‌బ్యాక్, ఒక జనవరిమాసపు ఉదయమున మీ ఆగర్భశత్రువుల జట్టులో చేఱినాడనుకొనుడు. భయపడవలదు. అంతవఱకు వానిని తెగడుచుండిన శత్రుపక్షపు మిత్రునికి ఫోనుచేసి, "అన్నా, శుభాకాంక్షలు, వాడు ఒత్తిడికి తాళలేడు సుమా" అనుడు. ఆయన, "నీకు ఆటయన్న తెలియదు తమ్ముడా, వానికి సరియైన రక్షణశ్రేణి దొరకలేదు" అనును. ఇట్లు లాంఛనములైన పిదప, ఇంతకాలము మీరు వ్రాసినవన్నియు ఆయనయు, ఆయన వ్రాసినవన్నియు మీరును వాడుకొనవచ్చును. ఎక్కడను పేరు మార్చు శ్రమ కూడ లేదు.