‘అడుగఁబోకు’ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

ఓడలోన మనకు నూయల యున్నది
చేత సంచి చాలు, చింత వలదు
నీలి దీవి చూచి నెలలోపు వత్తుము
అన్ని నేనె చూతు నడుగఁబోకు

అవతారిక: కవి కొత్తవలస వాస్తవ్యుడు. ఛందస్సు ఆటవెలది. రచనా స్థలం రైల్వే స్టేషను బయట టీ బడ్డీ. వేసవి సెలవులకు ఓడెక్కి అండమాన్ పోదామని కవి సంకల్పించగా, సంశయంలో పడ్డ మిత్రుడికి ధైర్యం చెబుతూ పలికిన పద్యమిది. టీకాకారుడు ఆ మిత్రుడే. వ్యాఖ్యలో పక్షపాతం ఉందని ఎవరైనా అంటే, ఉంది.

పూర్వపక్షం: ఈ కాలంలో దీవి అంటే గ్రీసు కదా, తెల్లగోడల శాంటొరీని ఉండగా అండమాన్ ఏల?

సమాధానం: రెండో శతాబ్దంలో గ్రీకులో భూగోళం రాసిన టోలెమీ మన తూర్పు తీరాన ఒక చోటు గుర్తుపెట్టాడు. ఒడ్డు పట్టుకుని వచ్చిన ఓడలు అక్కడ తీరం వదిలి, నడిసముద్రం మీదుగా సువర్ణభూమికి మళ్లేవట. ఆ చోటు శ్రీకాకుళం తీరంలోదని కొందరు పండితుల మతం. గ్రీకులే మన రేవులు వెతుక్కుంటూ వచ్చాక మనం గ్రీసుకు పోతే పునరుక్తి దోషం. పైగా అండమాన్‌లో చుట్టాలున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. వాళ్లలో చాలామంది మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లే. గ్రీసులో మనల్ని ‘ఏటి బావా, ఎప్పుడొచ్చినావు?’ అనేవాళ్లెవరు?

ప్రతిపదార్థం:

ఓడలోన = విశాఖ రేవు నుంచి పోర్టుబ్లెయిరుకు (2024 నుంచి శ్రీవిజయపురం) పోయే ప్రయాణికుల ఓడలో. ఓడ అనగానే రోజూ ఉంటుందని పాఠకులు భ్రమపడరాదు. అది వచ్చే తేదీ ముందుగా తెలియదు, తెలిసిన తేదీ నిలవదు.

మనకు = ఇద్దరికి. ఈ బహువచనం ఆశయానికే చెల్లుతుంది. డబ్బు దగ్గర ఏకవచనమే.

ఊయల = బంకు క్లాసులో ఇనుప పడక. ఇది పద్యానికి ప్రాణం. ఉయ్యాలలో మనం ఊగుతాం, ఇల్లు ఊగదు. ఇక్కడ పడకా, గోడా, పళ్లెంలో పప్పూ, ఎదుటి ప్రయాణికుడి గడ్డమూ అన్నీ ఒకే తాళంలో ఊగాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడుతున్నంతసేపూ కవి డెక్కు మీద చేతులు చాచి సముద్రాన్ని వర్ణించాడు. కొండ మరుగైన కాసేపటికి వర్ణన ఆగింది. తర్వాత ఆయన నోటి వెంట వచ్చినది సాహిత్యం కాదు. పొద్దున్న ఇంటి దగ్గర తిన్న ఇడ్లీలను కూడా ఆయన గుర్తుపట్టగలిగాడు. ప్రయాణం రెండున్నర రోజులు. పై పడక కవిది, కింది పడక టీకాకారుడిది. అంతకు మించి వివరించడం ఔచిత్య భంగం.

చేత సంచి చాలు = సామాను అక్కరలేదు. ఈ ఆజ్ఞ శ్రోతకే, కవికి వర్తించదు. ఆయన వెంట అరిసెల డబ్బా, ఆవకాయ జాడీ, మేనత్తగారికని ఎండు నెత్తళ్ల మూట వచ్చాయి. చుట్టూ సముద్రమున్న దీవికి ఎండు చేపలు మోసుకుపోవడాన్ని ఏ అలంకారమనాలో శాస్త్రకారులు చెప్పలేదు. జాడీ మూతికి గుడ్డ కట్టి, పైన దినపత్రిక చుట్టారు. పెందుర్తి దాటేసరికి నూనె సినిమా పేజీని పారదర్శకం చేసింది. రేవు చేరేసరికి శ్రోత చేతిసంచిలోని తెల్లచొక్కా కాషాయమైంది.

చింత వలదు = బెంగ వద్దు. చింతపండు వద్దని శ్లేష. మేనత్తగారు అడిగిన ఒకే ఒక్క వస్తువు చింతపండు. అదే మరిచారు.

నీలి దీవి = నీలిరంగు దీవి. ‘నీల్ దీవి’ అని పాఠాంతరం. నీల్ అనే దీవి నిజంగానే ఉంది. 2018లో దానికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు. ఏ పాఠం తీసుకున్నా అన్వయం కుదరదు. గాలివాన వల్ల దీవుల మధ్య తిరిగే పడవలు ఆపేశారు, సముద్రం బూడిదరంగులో ఉంది.

చూచి = చూసినది సెల్యులార్ జైలు. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారిని ఉంచిన చోటు. ఆ గదుల ముందు కవి కూడా మాటలు కట్టిపెట్టాడు. టీకాకారుడూ అదే పని చేస్తున్నాడు.

నెలలోపు వత్తుము = ఇక్కడ సూక్ష్మం ఉంది. ‘వత్తుము’ తర్వాత ‘అన్ని’ వస్తే సంధి జరగాలి. కవి చేయలేదు. ఇది విసంధి దోషమని ఆక్షేపించేవారు తొందరపడుతున్నారు. తిరుగు ఓడ ఖాయం కాలేదు గనక ఆ పాదాన్ని దేనితోనూ కలపకుండా వదిలాడు.

అన్ని నేనె చూతు = అన్నీ నేనే చూసుకుంటానని వాచ్యార్థం. ఊళ్లో వాడుక పాఠం: ‘నాను సూసుకుంతాన్రా.’ పద్యంలో ‘కొను’ లేదని గమనించాలి. చూతును అన్నాడంతే. ఆడిన మాట తప్పలేదు. టికెట్ల క్యూలో శ్రోత నిలబడితే ఓడను చూశాడు, గుర్తింపు కార్డుల నకళ్లకు శ్రోత పరిగెడితే క్రేన్లను చూశాడు.

అడుగఁబోకు = ఎవరినీ ఏమీ అడగవద్దు. వరసకు చివరిదైనా కష్టాలకు ఆది ఈ పదమే. కొత్తవలస జంక్షనులో పట్టాలు మూడు వైపులకు పోతాయి: విజయనగరం, విశాఖ, అరకు. ఈ మూడోది బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దించి జపాను పంపడానికి 1960లలో వేసిన కిరండూల్ లైను. బయల్దేరిన ఉదయం బండి వచ్చింది, కవి ఎక్కమన్నాడు, ఎక్కాం. అది ఎటు పోతుందని ఎదుటివాళ్లను అడగబోతే మోచేత్తో పొడిచాడు. కిటికీలో పెందుర్తి రావాల్సిన వేళకు మామిడితోటలూ, వాటి వెనక కొండలూ వచ్చాయి. సముద్రానికని బయల్దేరి అనంతగిరి వైపు పోతున్నామన్నమాట. శృంగవరపుకోటలో దిగి విశాఖ బస్సెక్కాం. ఆ బస్సు కొత్తవలస మీదుగానే పోతుంది. టీ బడ్డీ ముందు ఆగింది కూడా. బడ్డీవాడు కిటికీ దగ్గరికొచ్చి, ‘ఏటి బాబూ, అండమాను అప్పుడే సూసొచ్చేసినారా?’ అన్నాడు.

తాత్పర్యం: టికెట్లు అప్పటికింకా కొనలేదు.

విశేషం: ఇదే కవి వచ్చే ఏడు గ్రీసని మరో పద్యం ఎత్తుకున్నాడని వినికిడి. ‘ఓడలోన’ తీసి ‘విమానాన’ పెట్టి చూశాడట. లఘువు వెంటనే గురువు వచ్చే గణంతో ఆటవెలది పాదం మొదలవదు. సీసంలోనూ తేటగీతిలోనూ అదే ఇబ్బంది. ప్రస్తుతం కందం ప్రయత్నిస్తున్నాడు. అందులో పాదం నడుమ కుదిరే ప్రమాదముంది.