ముంజేతి విద్వాంసుడు

న్యూయార్కు మహానగరమున నేదో యొక పాతమేడ పై యంతస్తులో, గోడవారనున్న పియానో మీద పెన్సిళ్లును, రబ్బరును, కొలబద్దయు పరచుకొని, రాత్రి రెండుజాములు దాటినను కదలక కూర్చుండు నవ్యస్వరకర్తను చూడనివారికి తపస్సనగా నేమో సగమే తెలిసియుండును. పియానోకు 88 మెట్లుండగా మనుష్యునకు పది వ్రేళ్లే యిచ్చుట బ్రహ్మదేవుడు చేసిన పొరపాటని యాయన నిశ్చితాభిప్రాయము. ఆ పొరపాటును ముంజేతితో దిద్దుట యాయన వ్రతము.

స్వరకర్త హెన్రీ కౌవెల్ మహాశయుడు అరచేతులతోను ముంజేతులతోను మెట్లను మూకుమ్మడిగా నదిమి స్వరగుచ్ఛములను పలికించుటయే గాక 1930లో ఆ శాస్త్రమును గ్రంథస్థము సైతము చేసెననియు, చార్లెస్ ఐవ్స్ తన కాంకర్డ్ సొనాటాలో 14¾ అంగుళముల కొయ్యబద్దతో నా పని జరిపించెననియు, బేలా బార్టోక్ వంటి ఘనుడు కౌవెల్‌ను అనుమతి యడిగి మరీ యీ విద్యను చేపట్టెననియు, అడిగినవారికి నడుగనివారికి గూడ మన స్వరకర్త చెప్పును. పిల్లి నడచినను నిదే మ్రోత వచ్చును గదా యని పొరుగింటి యిల్లాలు దెప్పినచో నాయన కోపగింపడు, “పిల్లి వ్రాసిపెట్టలేదు గదండీ!” యనును.

నిజమే, వైభవమంతయు వ్రాతలోనే యున్నది. గుచ్ఛమున అట్టడుగు స్వరమును మీది స్వరమును పంచరేఖలపై నిలిపి, రెంటిని లావుపాటి నల్లగీతతో కలిపి, ఫ్లాట్ గుర్తు పెట్టినచో నల్లమెట్లనే, నేచురల్ గుర్తు పెట్టినచో తెల్లమెట్లనే నొక్కవలెనని కౌవెల్ చేసిన యేర్పాటు మనవానికి చాలదు. మోచేయి ముందు వాలవలెనా, మణికట్టు ముందు వాలవలెనా యనుటకొక చిహ్నము, చిహ్నములకొక వ్యాఖ్య, వ్యాఖ్యకొక పీఠిక. వెరసి రెండు పుటల సంగీతమునకు ఆరు పుటల ఉపోద్ఘాతము.

ఇక స్వరావళుల మాట. మేజరు, మైనరు అను పేర్లు చెవిని పడినంతనే యాయనకు తలనొప్పి. మెస్సియాన్ అను స్వరకర్త కూర్చిన యేడు మోడ్‌లు గూడ పాతబడినవని, అర, ఒకటిన్నర, అర యని యంతరములు పేర్చి, కొన్ని మాసములు శ్రమించి, ఒక యపూర్వస్వరావళిని సృష్టించి, నామకరణమునకు మిత్రులను విందుకు పిలిచెను. వచ్చినవారిలో మద్రాసు వైణికుడొకడు సాంతము విని, “మా మాయామాళవగౌళ గదా! పసిపిల్లలకు సరళీస్వరములు దీనిలోనే చెప్పుదుము” అని సంతోషముతో వడ్డింపించుకొనెను. ఇట్టి మేళకర్తలు 72 కలవని విన్న పిమ్మట గృహస్థునకు భోజనము సయింపలేదు.

అయినను ఆయనను వేషధారి యనుట యన్యాయము. కచేరీలో వాదకుడు ముంజేయి మోపి రెండు స్థాయిల మేర పదునైదు తెల్లమెట్లను గర్జింపజేసినప్పుడు, నడుమ నొక్క మెట్టు పలుకకపోయినచో సభలో నెవరికి తెలియదు. ఆయన చెవి మాత్రము పట్టుకొనును. అట్టివాని సంగీతము మనకు నచ్చకపోవచ్చును గాని, ఆతడు సంగీతజ్ఞుడు కాడనుటకు మనకధికారము లేదు.