పై గిన్నె

నేను నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌ను. నల్లగొండలో ఓ ఇంటికి పెద్ద కోడలి సారె సామాన్లతో వచ్చాను. ఏడాదంతా అటక మీదే నా కాపురం. వానలు వెనకపట్టి, తంగేడు పూతకు రాగానే కిందికి దించుతారు. బతుకమ్మ మొదలయ్యే ముందటి ఆదివారం ఇంటిల్లిపాదీ సాగర్ పోవడం మా ఆనవాయితీ.

సద్ది కట్టే పని నాయినమ్మది. అడుగున పులిహోర, దానిమీద వంకాయ కూర, మూడో గిన్నెలో గారెలు. ఆ ఏడు పై గిన్నెలో మెత్తటి అన్నం వేసి, గోరువెచ్చని పాలు పోసి, నాలుగంటే నాలుగు చుక్కల పెరుగు కలిపింది. "ఇప్పుడే పెరుగు పోస్తే పోయేసరికి పులుస్తది బిడ్డా. బండిల్నే తోడుకోనియ్యి" అని కోడలికి చెప్పి గొళ్లెం బిగించింది.

బండిలో మాటల్లేవు. అన్నదమ్ముల మధ్య ఇంటి పంపకం తెగలేదు. పెద్దాయన స్టీరింగు దగ్గర, చిన్నాయన వెనక కిటికీ దగ్గర. నేను తోడికోడళ్ల కాళ్ల మధ్య. హాలియా దాటినా ఎవరూ నోరు విప్పలేదు. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా నా గిన్నెలే గలగలమన్నాయి.

సాగర్‌లో గేట్లెత్తారు. ఉన్నవి 26; ఎన్ని ఎత్తారో లెక్కపెట్టబోయిన పిల్లల మొహాల మీద తుంపర పడి లెక్క తప్పింది. తాత ఏటా చెప్పేదే మళ్లీ మొదలుపెట్టాడు. "1955ల నెహ్రూ పునాదిరాయి ఏసిండు. 1967ల ఇందిరమ్మ కాల్వలకు నీళ్లిడిసింది. నడుమ అంత రాయి మీద రాయే. పద్దెనిమిదేండ్ల పోరగాణ్ని, నేను గూడ మోసిన."

"నువ్వు మోసిన రాయేది తాతా?"

124 మీటర్ల ఆ కట్టను తాత కిందినుంచి పైదాకా చూశాడు. "గది కనబడదు. నడుమెక్కడ్నో ఉంటది. మీది రాళ్లు దాని మీదనే నిలబడ్డయి."

చెట్టు కింద నన్ను విప్పారు. పులిహోర, గారెలు మాటల్లేకుండానే అయిపోయాయి. పై గిన్నె మూత తీస్తే పెరుగన్నం గట్టిగా, కమ్మగా తోడుకుని ఉంది. అడుగున ఒక్క గరిటెడు మిగిలినప్పుడు రెండు చేతులు ఒకేసారి వచ్చి ఆగాయి.

"నువ్వు తిను" అన్నాడు పెద్దాయన.

"నీకే ఇష్టం గదనే అన్నా."

నాయినమ్మ గిన్నె లాక్కుని, రెండు ముద్దలు చేసి చెరో చేతిలో పెట్టింది. "దీని పంపకానికి ఏ లెక్క అడ్డం రాలే సూడుర్రి."

ముందు నవ్వింది చిన్న కోడలు. ఆ తర్వాత ఎవరు నవ్వారో నాకు తెలియదు, అప్పటికే నన్ను నీళ్లలో ముంచి కడుగుతున్నారు.

తిరుగుదారిలో రెండుసార్లు బండి ఆపారు. ఒక గిన్నెలో గునుగు, ఒకదానిలో తంగేడు నింపుకున్నారు. పై గిన్నెలో కట్లపూలు పెట్టింది చిన్నపిల్ల. వాటి కింద ఇంకా కాస్త పెరుగు వాసన ఉంది.

ఇంటి పంపకం ఆ పండక్కీ తెగలేదు. అటక మీంచి వింటూనే ఉన్నాను. గట్టిగానే వాదించుకుంటున్నారు. నాకు దిగులేం లేదు. పొద్దున ఆ బండిలో గలగలమన్నది నేనొక్కదాన్నే కదా.