స్టాఫ్ అండీ!

లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. మన రోడ్ల మీద ఈ నాలుగు కాగితాలకూ బదులు చెల్లే మాట ఒకటుంది: ‘స్టాఫ్’, అంటే ‘నేనూ పోలీసునే’ అని. డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో బ్రీత్ ఎనలైజర్ గొట్టం మన నోట్లోకి నిర్మొహమాటంగా వస్తుంది. ఈ మాట వినపడిందా, దానికెక్కడలేని సిగ్గూ ముంచుకొస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమంటుంది మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. ఆ రక్తం ఏ శాఖదని చట్టం అడగదు. అడిగేది బారికేడ్ దగ్గరి సహోద్యోగే.

ఇంతకీ పోలీసు డ్యూటీలో ఎప్పుడుంటాడు, ఎప్పుడుండడు? ఇది మహా సూక్ష్మమైన శాస్త్రం. స్టేషన్లో ఎవరి వీపో వాచిందనుకోండి, ఆయన డ్యూటీలో ఉన్నట్టు. విధి నిర్వహణలో భాగం కాబట్టి కేసు పెట్టడానికి ప్రభుత్వ అనుమతి కావాలని వాదిస్తారు. ఫైలు సచివాలయం మెట్లెక్కి అక్కడే కాపురం పెడుతుంది. అదే మనిషి బారులో బిల్లు అడిగిన కుర్రాడి చెంప పగలగొట్టాడనుకోండి, డ్యూటీలో లేనట్టు. సివిల్ డ్రస్సులో ఉన్నాడు, అది ఆయన సొంత వ్యవహారం, శాఖకేం సంబంధం? బిల్లుకు బదులు బల్ల మీద పెట్టిన ఐడీ కార్డు మాత్రం శాఖ ఇచ్చిందే.

ఈ దాగుడుమూతలు తెల్లదొరకు తెలియవు. సిపాయిల తిరుగుబాటు ముగిశాక 1861లో రాసుకున్న పోలీసు చట్టం 22వ సెక్షన్‌లో, పోలీసు ఎల్లప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క అని తేల్చేశాడు. అర్ధరాత్రి పిలిచినా లాఠీ పట్టుకు రావాలన్నది దొర ఉద్దేశం. మనవాళ్లు లాఠీని ఉంచుకుని లెక్కను వదిలేశారు.

స్వదేశీ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి 210బి సెక్షన్ వచ్చింది. చట్టాన్ని అమలు చేయాల్సినవాళ్లే ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు. తాగి నడిపితే మనకు పదివేల దాకా పడుతుంది, ఆ లెక్కన వాళ్లకు ఇరవై వేలు. వినసొంపుగా ఉంది కదా! చలానా రాసే చెయ్యి, కట్టే చెయ్యి ఒకే శాఖవి అయ్యేసరికి రెట్టింపు కాస్తా ‘పోనీలే’ అయి కూర్చుంటుంది.

మరి శిక్షలే లేవా? ఉన్నాయి, వీడియో బయటపడితే. వైరలైతే సస్పెన్షన్, కాకపోతే సర్దుబాటు. సస్పెన్షనంటే సగం జీతం జీవనభృతిగా ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం. శాఖాపరమైన విచారణ సా...గుతుంది, జనం ఇంకో వీడియో చూడ్డంలో పడతారు, ఆయన ఇంకో స్టేషన్‌లో తేలతాడు. పోలీసు మీద ఫిర్యాదులు వినడానికి విడిగా అథారిటీలు పెట్టమని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. మీ జిల్లా అథారిటీ ఆఫీసుకు ఎప్పుడైనా ఆటో మాట్లాడి చూడండి. డ్రైవరు మిమ్మల్ని జాలిగా చూస్తాడు.

జనం మీద దయ లేదంటే కళ్లు పోతాయి. తెలంగాణలో పేరుకుపోయిన చలానాల మీద 2022లోనూ, 2023 చివర్లోనూ బట్టల కొట్టు ఆషాఢం సేల్‌లా తగ్గింపులిచ్చారు. రెండోసారి బైకులకు ఏకంగా 80 శాతం. మన మాఫీకి ఏలినవారు కరుణించే ముహూర్తం రావాలి. ఖాకీల మాఫీకి రోజూ శుభదినమే, పైగా నూటికి నూరు శాతం.

కొత్త కమిటీలు అక్కర్లేదు. 210బి కింద ఎంతమంది సిబ్బంది ఎంత కట్టారో ఏటా ఒక అంకె ప్రకటించండి చాలు. సున్నా అంటారా, అయితే మన ఖాకీలంతా దేవతలే అని ఒప్పుకుంటాం. దేవతలకు కిరీటాలుంటాయి, హెల్మెట్ అడగం. కిరీటం లేనివాళ్లకు మాత్రం చలానా రాయండి, రెట్టింపుకి.